ఎవరూ ఎక్కని గుర్రం

రాష్ట్రం కంప్యూటర్లతో ముందుకు పోతున్న ఈ చారిత్రక సమయంలో తాను గుర్రం మీద ముందుకు పోవాలని నిర్ణయించుకున్నట్టు మండల నాయకులు శ్రీ చెన్నకేశవులు గారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. మాదాపూర్‌లో కొత్త అద్దాల టవరు ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారు. కార్ల గుంపులో ఎవరు ఎవరో మంత్రిగారికి తెలియదు. గుర్రం మీద ఉన్నవాడు మాత్రం తెలుస్తాడు. ఇంత ముందుచూపు ఉన్న నాయకుణ్ణి నేను చూడటం అదే మొదలు.

ఆయన గుర్రం కోసం నార్సింగిలో మా ఇంటికే వచ్చారు. మా బాపు ఓదెలు పెండ్లి బారాత్‌లకు గుర్రాలు తిప్పుతాడు. మా ఇల్లు, గుర్రాల షెడ్డు ఉన్న జాగా ఈమధ్యనే చెన్నకేశవులు గారి ప్లాట్ల వెంచర్‌లో కలిసింది. గుర్రం నచ్చితే షెడ్డు జోలికి రానని, నచ్చకపోతే సోమవారంలోగా ఖాళీ చేయాలని ఆయన చాలా మర్యాదగా చెప్పారు.

బాపు ముసలి ఆడ గుర్రాన్ని చూపించాడు. పన్నెండేండ్లుగా బ్యాండు మేళం, పటాకులు చూసిన గుర్రం, ఎవరు కూర్చున్నా పడెయ్యదన్నాడు.

“అంటే సెకండ్ హ్యాండా? నేనెప్పుడన్నా సెకండ్ హ్యాండ్ బండి ఎక్కినానా అప్పా?” అన్నారు నాయకులు.

ఆయన చూపు మూలన ఉన్న మూడేండ్ల మగ గుర్రం మీద పడింది. దాని మీద ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు. జీను అలవాటు చేయడం మొన్ననే మొదలైంది. బాపు వెనక నడవడం తప్ప దానికేమీ రాదు. బాపు ఆ సంగతే చెప్పి ఆరు నెలలు ఆగమన్నాడు. ఎవరూ ఎక్కలేదన్న ముక్క తప్ప ఆయనకు మరేదీ వినపడలేదు.

అలాగని గుడ్డిగా తీసుకునే మనిషి కాదు. పరీక్షకు కమిటీ వేశారు. కంప్యూటర్ కోర్సు చేస్తున్న మేనల్లుడు సందీప్ గుర్రం వివరాలన్నీ ఎక్కించి ప్రింటు తీశాడు. అనుభవం అన్నచోట ‘ఫ్రెషర్’ అని వచ్చింది. సిద్ధాంతి సీతారామయ్య గారు జన్మ నక్షత్రం అడిగారు. వానాకాలం పుట్టిందన్నాడు బాపు. అది చాలునన్నారు. పళ్లు చూడాలని, కాళ్లు ఎత్తి చూడాలని, ఎవరైనా ఎక్కి నాలుగడుగులు నడిపించాలని బాపు గుర్తు చేశాడు. తానే ఎక్కబోయాడు.

“నువ్వెక్కితే అది వాడిన గుర్రం అయితాది గదప్పా” అని నాయకులు ఆపారు.

చివరికి స్టూలు వేసుకుని ఆయనే ఎక్కారు. బాపు ఎదురుగా నిలబడ్డాడు కాబట్టి గుర్రమూ నిలబడింది. అరగంట ఫొటోలు తీశారు. ఇంత క్రమశిక్షణ పార్టీలో కూడా లేదని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది.

ప్రారంభం రోజు బాపు కళ్లెం పట్టుకుని ఆయనను టవరు దాకా నడిపించాడు. వెనకాల నీళ్ల బకెట్‌తో నేను. మంత్రిగారి కారు వచ్చే వేళకు ఫొటోలో లుంగీ కనబడుతోందని సందీప్ బాపును దూరం పొమ్మన్నాడు.

“జర ఆలోచించుండ్రి సార్, నేను పోతే అది ఆగదు” అన్నాడు బాపు.

పోలీసులకు ఆలోచించే తీరిక లేదు. ఇంటికి పొమ్మని బాపును రోడ్డు మలుపు దాకా నెట్టుకుంటూ పోయారు. గుర్రం వెనక్కి తిరిగి బాపు వెంట నడిచింది. నాయకులు వస్తున్నారని పోలీసులు దానికి దారి ఇచ్చి సెల్యూట్ కొట్టారు. మంత్రిగారు కారు దిగి చూసేసరికి ఆయనకు కనబడింది చెన్నకేశవులు గారి వీపు.

విలేకరులు మోటారు సైకిళ్ల మీద వెంటపడ్డారు. మంత్రిగారి మీద అలిగి పోతున్నారా అని అడిగారు. ఆయన రెండు చేతులా జూలు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. విలేకరులు దాన్ని తీవ్ర మనస్తాపం అని రాసుకున్నారు. మేము నార్సింగి చేరేసరికి ఆ వార్త విని మా షెడ్డు ముందు అవతలి పార్టీ వాళ్లు దండలతో నిలబడి ఉన్నారు. గుర్రం దిగకముందే ఆయన మెడలో కండువా మారింది. ప్రజల కోసం ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయమని ఆయన పైనుంచే ప్రకటించారు.

అందరూ పోయాక బాపు ఆయనను మెల్లగా దించాడు. గుర్రం నచ్చినట్టే గదా, షెడ్డు సంగతి ఏమన్నారని అడిగాడు.

చెన్నకేశవులు గారు కొత్త కండువా సర్దుకున్నారు.

“ఆ మాట ఇచ్చినప్పుడు నేను ఆ పార్టీలో ఉంటి గదప్పా.”