చైను పోస్టులో పైడిరాజు

నీటి సరఫరా విభాగం వారి ఎలక్ట్రిక్ సైకిలుకు నిరుడు వానాకాలం నుంచి పైడిరాజే చైను.

కొండమీది ట్యాంకుకు వెళ్ళిరావడానికి కొన్న సైకిలది. మోటారు మహా బలమైనది. ఎత్తు ఎక్కాల్సి వచ్చిందంటే ఉక్కు చైను పటుక్కున తెగేది. వెడల్పుది వేశారు, తెగింది. ఖరీదైనది వేశారు, అదీ తెగింది. అసలు తప్పు స్ప్రాకెట్టుది. చైను తగులుకునే ఆ చక్రం పళ్ళు అరిగి కొక్కేల్లా వంగిపోయాయి. అలాంటి పళ్ళకు కొత్త చైను వేస్తే నమిలి ఊస్తాయని ఏ సైకిలు షాపులో అడిగినా చెబుతారు. కానీ స్ప్రాకెట్టు పర్మనెంటు, చైను టెంపరరీ. పర్మనెంటు వాళ్ళను కదిపేదెవరు? సైకిలెక్కే ఆఫీసరే ఊరుకుంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని మిగతావాళ్ళూ ఊరుకున్నారు. చివరికి కమిటీ కూర్చుని, ఇనుము తెగుతుంది గానీ పిల్లలున్నవాడు తెగడని తేల్చింది. పైడిరాజుకు ఇద్దరు పిల్లలు.

పని మరీ కష్టమేం కాదు. పొద్దున్నే ఒంటికి నూనె పట్టించి, ముందు వెనక పళ్ళ చక్రాలకు చుట్టుకుని, తన చీలమండలు తానే పట్టుకోవాలి. వచ్చిన చిక్కల్లా సాగడమే. చైనన్నాక సాగదూ? భార్య సన్యాసమ్మ అతని ప్యాంట్ల అంచులు విప్పీ విప్పీ, ఇక విప్పడానికేం మిగల్లేదు. కొలత దాటిన చైనును తుక్కులో వేయాలని రూలు. ఇవాళ ఇంజనీరు కొలతకు వస్తాడని తెలిసి పైడిరాజు పొద్దున్నించీ ఒళ్ళు ముడుచుకునే ఉన్నాడు. ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుంది?

ఇంజనీరు కొలిచి పెదవి విరిచాడు. "సాగిపోయావయ్యా."

"బాబ్బాబు, ఆ స్ప్రాకెట్టు తీసి పెద్దది ఏయించండి. పళ్ళెక్కువుంటే బరువు పంచుకుంటాయి. నాను సాగను."

"దానికింకా బోలెడు సర్వీసుంది, కుదరదు." ఇంజనీరు మంచివాడు, ఉపాయం చెప్పాడు. "పోనీ, నీలో ఒక లింకు తీసేద్దామా? కొలతకు వచ్చేస్తావు. వాడకంలో లేనిదేదో నువ్వే చెప్పు."

పైడిరాజు ఒళ్ళంతా తడుముకున్నాడు. "మెడలో ఓ ఎముకుందండి, తల అడ్డంగా తిప్పడానికి. ఉజ్జోగంలో సేరిన కాడ్నించి ఒక్కపాలి కూడా వాడనేదండి."

తీశారు. కొలత అతికినట్టు సరిపోయింది. హమ్మయ్య! సైకిలు కిర్రుమనకుండా కొండెక్కింది. ఇంజనీరు టీ ఇప్పిస్తే పైడిరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

గుమ్మంలోనే సన్యాసమ్మ ఎదురొచ్చింది. "ఉజ్జోగం ఉన్నట్టేనా మావా?"

"ఉన్నట్టేనే! మెడ కూడా తేలిగ్గా ఉన్నాది."

జరిగినదంతా విని ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అందరికీ అన్నాలు వడ్డిస్తూ అంది: "మన పెద్దదానికీ ఆ ఎముక ఇప్పుడే తీయించీద్దుమా? సదువయ్యేసరికి అలవాటైపోద్ది."

పెద్దది బీరకాయ కూర వద్దని తల అడ్డంగా తిప్పుతోంది. జడలు రెండూ అటూ ఇటూ ఎగురుతున్నాయి. చూస్తే పైడిరాజుకు ముచ్చటేసింది. దాని జోలికి పోవద్దని చెబుదామనుకున్నాడు. నోరు తెరిచేలోగా తన తల నిలువుగా ఊగిపోయింది.

"హమ్మయ్య, నువ్వూ ఒప్పుకున్నావు" అని సన్యాసమ్మ అతని పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.