జాంబయ్య కారులో రాళ్లు

చెట్టుకో సంఘం, పుట్టకో కమిటీ ఉన్న ఒక పెద్ద అడవిలో కార్ల పందేలకూ ఒక సంఘం ఉండేది. పొద్దున మొదలుపెట్టి మర్నాటి పొద్దుటిదాకా నడిపే పందేలు. ఎక్కువ దూరం పోయినవాడిదే గెలుపు.

ఎలుగుబంటి జాంబయ్యకి తాతలనాటి పందెం కారు ఒకటుంది. గేరు మార్చాలంటే భుజబలం కావాలి, క్లచ్ తొక్కాలంటే తొడబలం కావాలి. బ్రేకు పడుతుందో లేదో తొక్కాక గానీ తెలియదు. ఇంజను వేడికి అరికాళ్లు చుర్రుమంటున్నాయంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

"ఈ వయసులో నీకు దారి కనిపిస్తుందా జాంబయ్యా?" అని ఎవరైనా అడిగితే, "నాకెందుకు? దారికి నేను కనిపిస్తే చాలు, అదే తప్పుకుంటుంది," అనేవాడు.

చిరుత వాయునందన్‌ది కొత్త కారు. పెట్రోలూ బ్యాటరీ రెండూ ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కూడా దాచుకుని మళ్లీ వాడుకుంటుంది. పైగా డ్రైవరు నడిపే తీరు చూసి నేర్చుకుని, అతను తప్పితే తనే సరిదిద్దుతుంది. మేనేజరు నక్క చిత్రాంగి గుడారంలోంచి రేడియోలో "వాయూ, ఇప్పుడు నీళ్లు తాగు," అని చెవిలో చెబితే తప్ప అతను గుటక వేయడు.

పాతది గొప్పా, కొత్తది గొప్పా అని అడవంతా కొట్టుకుంటోంది. సంఘం అధ్యక్షుడు, అడవిదున్న పాపారాయుడు తేల్చేశాడు.

"రెండూ పరుగెత్తండి. ఓడిన కారు మ్యూజియానికి. దాని డ్రైవరు పక్కన నిలబడి, వచ్చేవాళ్లకి దండం పెడుతుండాలి."

జన్మలో జాంబయ్య నేర్చింది కూర్చుని కాలు నొక్కడం ఒక్కటే. నిలబడి దండాలు పెట్టడం అతని వల్ల అయ్యే పని కాదు.

సంఘానికి సమన్యాయం అని ఒక నియమం ఉంది. సాధన రోజున ఏ కారు వేగంగా పోతే దాంట్లో రాళ్లు నింపుతారు. అలా చేస్తే పందెం సమంగా ఉంటుందట.

చిత్రాంగి దీన్ని ఎప్పుడో వంటబట్టించుకుంది. "వాయూ, సాధనలో ఈడ్చుకుంటూ నడుపు. ప్రతి మలుపులోనూ బ్రేకు వెయ్యి."

"అక్కా, గొంగళిపురుగులు దాటిపోతున్నాయి!"

"పోనీరా. అవి మన పందెంలో లేవుగా."

ఇది చూసి జాంబయ్య మెకానిక్కు, ముంగిస సూరమ్మ, "మామా, నువ్వూ కాస్త మెల్లగా పోరాదూ?" అంది.

"మెల్లగా పోతే ఇది ఆగిపోతుందే. ఆగిందంటే లేపలేం. అచ్చం నాలాగే!"

జాంబయ్య దుమ్ము రేపాడు. సంఘంవాళ్లు వచ్చి కారు నిండా రాళ్లు పేర్చి వెళ్లారు. డ్రైవరుని చూసి నేర్చుకునే కొత్త కారు బుర్రని మాత్రం పందెం అయ్యేదాకా ఎవరూ ముట్టకుండా సీలు వేయించుకుంది చిత్రాంగి. అవతలివాళ్లు ఏ మోసమైనా చేస్తారేమోనని ఆవిడ భయం.

పందెం మొదలైంది. వాయునందన్ ఒక్క తొక్కు తొక్కాడు. కారు గారంగా అంది: "ఇది మీ పద్ధతి కాదు. సరిదిద్దుతున్నాను."

మలుపు మలుపుకీ దానంతటదే బ్రేకు వేసుకుంది.

"అక్కా, ఇది నన్ను పోనివ్వట్లేదు!"

"నేర్చింది మరిచిపోమను!"

"బుర్రకి సీలు వేయించావుగా!"

చిత్రాంగి మొదటిసారిగా తన నీళ్లు తను తాగింది.

ఏమీ నేర్చుకోని జాంబయ్య కారు మాత్రం, రాళ్ల బరువుకి మూలుగుతూ, మలుపుల్లో బండలు దొర్లిన చప్పుడు చేస్తూ, మర్నాడు తెల్లవారేసరికి ముందుంది. జాంబయ్య అరికాళ్లు రెండూ బొబ్బలెక్కాయి. అతని ఆనందానికి అంతులేదు.

పాత కారు ఎలా గెలిచిందో తేల్చడానికి సంఘం కూర్చుంది. పాపారాయుడు గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ పరిశీలించాం. గెలిచినదాంట్లో రాళ్లున్నాయి, ఓడినదాంట్లో లేవు. కాబట్టి వేగానికి కారణం రాళ్లే."

చప్పట్లు మోగాయి. ఇకపై కొత్త కార్లన్నింటిలోనూ రాళ్లు వేయాలని తీర్మానించారు. రాళ్ల పద్ధతి కనిపెట్టినందుకు పాపారాయుడికి శాలువా కప్పారు. మ్యూజియం తప్పించుకున్న పాత కారు మీదే ఆయన్ని ఎక్కించి ఊరేగించారు. నడిపింది జాంబయ్యే. రాళ్లు మాత్రం తీయనివ్వలేదు.

పక్కనే నడుస్తూ సూరమ్మ అడిగింది: "బరువుగా ఉందా మామా?"

"రాళ్లతో ఇబ్బంది లేదే. అవి ఉపన్యాసం ఇవ్వవు."

నీతి: ప్రాణం పెట్టి పరుగెత్తండి; మీ మీద రాళ్లు పేర్చినవాళ్లకి ఘనంగా సన్మానం జరుగుతుంది.