కింది వాటా గుండె

ఆ ఉదయం వైద్యవిద్యార్థి వేసుకున్న పథకం చిన్నది. ఆన్‌లైన్ తరగతి మొదలయ్యేలోగా ఇంట్లో ఒక జబ్బు పట్టుకోవాలి.

లాక్‌డౌన్‌తో ఆసుపత్రి వార్డులు విద్యార్థులకు మూసుకుపోయాయి. ఇంట్లోవాళ్లనే పరీక్షించి కెమెరా ముందు చెప్పమన్నారు ప్రొఫెసరు. కింది వాటాలో ఉండే సహాధ్యాయిని అదృష్టవంతురాలు. వాళ్ల అమ్మమ్మ గుండెలో ‘స్స్’ మని ఒక అదనపు చప్పుడుంది. పోయిన వారం ఆమె దాన్ని వినిపిస్తే ప్రొఫెసరు ‘శభాష్’ అన్నారు. ఆ శభాష్ ఇతని గొంతులో ముల్లులా ఉండిపోయింది. ముసలావిడ మీద జాలి పడాలని అతనికీ తెలుసు. లోపల ఎంత వెతికినా అసూయే చేతికి తగిలింది. మెట్ల మీద ఆవిడ ఎదురైతే పక్కవాడి కంచంలోకి చూసినట్టు చూశాడు.

ఇతని ఇంట్లో అందరూ గుండ్రాళ్లు. ముఖ్యంగా నాన్న.

“నాన్నా, చొక్కా విప్పండి.”

“నిన్నేగా చూశావు!”

“నిన్న సరిగ్గా వినలేదు.”

“నాకేదో ఒకటి వచ్చేదాకా వదలవన్నమాట.”

ఈసారి స్టెతస్కోపులో ఎండుటాకులు తొక్కినట్టు చరచరమంది.

“ఉంది నాన్నా! ఊపిరితిత్తుల్లో నీరు!”

“ఆ సంతోషమేంట్రా?”

అమ్మ ఆ మాట విని బాల్కనీలోకి పరుగెత్తి మావయ్యకు ఫోన్ చేసింది. ఆయన అంబులెన్సుకు చేశాడు. బాల్కనీలో అమ్మ గొంతు విన్న ఇరుగుపొరుగువాళ్లందరూ అది కరోనాయే అనుకున్నారు. కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఎవరో గుమ్మం ముందు బ్లీచింగ్ పొడి కుమ్మరించారు. ఆ ఘాటుకి నాన్న నిజంగానే దగ్గు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే తరగతి మొదలైంది.

దగ్గుతున్న మనిషిని తెర మీద చూసి ప్రొఫెసరు కంగారుపడ్డారు. “నువ్వు ఆగు. కింద ఆ అమ్మాయి ఉందిగా, ఆమెను విననీ.”

బ్లీచింగ్ కంటే ఈ మాటే ఎక్కువ మండింది.

ఆమె మాస్కుతో వచ్చి, చెయ్యి తడి చేసుకుని నాన్న ఛాతీ మీద రాసి, విన్నది. “అంకుల్, మీకేం లేదు. స్టెతస్కోపు కింద వెంట్రుకలు నలిగితే అలాగే వినిపిస్తుంది. తడిపితే పోయింది.” తర్వాత అతనితో మెల్లగా అంది. “మా తాతయ్య విషయంలో నేనూ ఇలాగే ఇంట్లో అందర్నీ ఏడిపించాను. వార్డుకెళ్లి ఉంటే మొదటిరోజే చెప్పేవాళ్లు. నువ్వేంటి అలా పాలిపోయావు? ఇలా రా.”

అతని గుండె మీద స్టెతస్కోపు పెట్టిన ఆమె ముఖం నెమ్మదిగా వెలిగింది. ఆ వెలుగు అతను గుర్తుపట్టాడు. పొద్దున తన ముఖంలోనూ అదే ఉండి ఉంటుంది.

“ఉంది! అమ్మమ్మ కంటే స్పష్టంగా ఉంది!”

“ఆ సంతోషమేంటి?” అన్నాడతను.

ఇన్నాళ్లూ అందరి గుండెలూ విన్నాడు. తనదొక్కటే వినాలని తోచలేదు.

నాన్న కోసం వచ్చిన అంబులెన్సులో కొడుకు వెళ్లాడు. వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం అమ్మకు అలవాటు లేదు. గుండె డాక్టరు పరీక్షించి, కొందరికి అలా ఉంటుందని, భయం లేదని తేల్చారు.

మరుసటి వారం కింది వాటా అమ్మాయి ఆ కేసు వినిపించింది.

“రోగికి బాధలేమైనా ఉన్నాయా?” అడిగారు ప్రొఫెసరు.

“ఒక్కటే సార్. తన కేసు తనే చెప్పుకుంటాడట.”

“కుదరదు. ముందు విన్నది నువ్వేగా. శభాష్!”

గుండె పై వాటాది. శభాష్ ఈ వారమూ కింది వాటాకే వెళ్లింది.