మంత్రిగారి ఊపిరి, నలభై రెండు

ఇకమీదట ఏ కార్మికుడూ లెక్క లేకుండా దగ్గనక్కర్లేదని కార్మికశాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు మా రాళ్ల కార్ఖానా ఆవరణ చప్పట్లతో మోగిపోయింది. మధ్యమధ్య దగ్గులు కూడా మోగాయి గాని, మైకు మంత్రిగారి దగ్గర ఉండటంవల్ల అవి వినిపించలేదు.

నేను కార్ఖానా వైద్యశాలలో రిజిస్టరు రాసే గుమాస్తాను. జరిగింది జరిగినట్టు రాయడం నా ఉద్యోగం. అందులో నా గొప్పేమీ లేదు.

కొత్త యంత్రం గురించి మా డాక్టరమ్మ సభలో వివరించింది.

"రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే లోపల తుప్పులాంటిది మొదలవుతుందండీ. దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. ఈ చల్లటి గాజుగొట్టంలోకి పది నిమిషాలు ఊదితే ఊపిరి నీటిబొట్లవుతుంది. వాటిని పరీక్షించి యంత్రం ఒక అంకె చెబుతుంది. అంకె ఎక్కువుంటే ఆ మనిషిని దుమ్ములోంచి తప్పించాలి."

"శభాష్!" అన్నారు మంత్రిగారు. "మొదటి ఊపిరి నాదే."

రిబ్బను కత్తిరించి వెళ్లిపోయే రకం కాదాయన. కారులో రెండు సిగరెట్లు, గేటు దగ్గర ఒకటి ముగించుకుని వచ్చి కూడా, అలుపన్నది లేకుండా పది నిమిషాలూ ఊదారు. పరీక్షకి ముందు పొగ తాగకూడదని డాక్టరమ్మ చెప్పబోయింది. మా కార్ఖానా డైరెక్టరుగారు ఆమె చెప్పు తొక్కారు.

యంత్రం నలభై రెండు అంది.

"సార్, పది దాటకూడదు," డాక్టరమ్మ గొణిగింది.

"ఎవరికి?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి."

"మంత్రిగారు ఆరోగ్యంగా లేరని రాసి సంతకం పెడతారా?"

డాక్టరమ్మ తన కలంకేసి చూసుకుంది. దాన్ని అంతకుముందెప్పుడూ చూడనట్టు చూసింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సాక్షాత్తూ మంత్రిగారే ఊది నిర్ణయించిన ప్రమాణం ప్రకారం నలభై రెండు వరకు ఆరోగ్యం. అది దాటినవారిని వెంటనే దుమ్ము లేని పనికి మార్చాలి. సంతకం కింద డైరెక్టరుగారి ముద్ర కాస్త వంకరగా పడింది. ఆనందంలో తొందరపడి ఉంటారు.

మా బావ, అంటే మా అక్క భర్త, పద్దెనిమిదేళ్లుగా నునుపు చక్రం మీద పలకరాళ్లు అరగదీస్తున్నాడు. గేటు దగ్గర వచ్చేపోయే బళ్ల నంబర్లు రాసుకునే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. బావకి ఆ కుర్చీ కావాలి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడ మీద ఏదో చదువుతున్నట్టు నటించడం అతనికి అప్పటికే అలవాటైంది. మా ఇంటి గోడ మీద చదవడానికేమీ లేదు.

పరీక్ష రోజున యంత్రం గది గుమ్మంలోనే అటెండరు అతన్ని ఆపేశాడు.

"బట్టలు దులుపుకొని రా. యంత్రానికి దుమ్ము పడదు."

"నాకూ పడదు బాబూ. ఆ సంగతి చెప్పుకుందామనే వచ్చాను."

బావ ఊదాడు. మూడుసార్లు ఆగి, దగ్గి, మళ్లీ ఊదాడు. ముప్ఫై తొమ్మిది.

డైరెక్టరుగారు స్వయంగా వచ్చి చెయ్యి కలిపారు. "మంత్రిగారికంటే మూడు పాయింట్లు ఆరోగ్యంగా ఉన్నావయ్యా! అదృష్టవంతుడివి!"

ఇంట్లో అక్క ఆ పరీక్ష కాగితం తిరగేసి చూసింది.

"అయితే ఆ మూడూ, పైన ఇంకొకటీ సంపాదించుకు రమ్మన్నారా తమ్ముడూ?"

"వచ్చే ఏడాదికి వచ్చేస్తాయిలేవే," అన్నాడు బావ. "నేనేం ఖాళీగా కూర్చోను కదా."

ఆ కాగితం వచ్చాక అతనిలో ఒక మార్పు గమనించాను. దగ్గు వస్తే పెరట్లోకి వెళ్లి దగ్గి వచ్చేవాడు. "నిజంగా వస్తోందా, నేనే తెచ్చుకుంటున్నానా?" అని ఒకరోజు నన్నే అడిగాడు. నొప్పి తనలోనే ఉన్నా, అది ఉందో లేదో చెప్పే హక్కు కాగితానిదే అని అతను నమ్మడం మొదలుపెట్టాడు. ఆ కాగితం మీద అంకె వేసింది నేనే.

రెండు నెలలకి మంత్రిగారు రాజీనామా చేశారు. ఆ రోజు జేబులో వేసుకెళ్లిన యంత్రం చీటీని ఎవరో పెద్ద డాక్టరుకి చూపిస్తే, ఆయన అదిరిపడి ఆరు నెలలు మంచం దిగొద్దన్నాడట. సేవలో ఊపిరితిత్తులు అరగదీసుకున్న మహనీయుడని పత్రికలు కొనియాడాయి.

డాక్టరమ్మ పత్రిక పట్టుకుని డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది. రిజిస్టరుతో నేనూ వెళ్లాను.

"సార్, నలభై రెండు జబ్బేనని తేలింది కదా!"

"అది మాజీ మంత్రిగారి జబ్బమ్మా. పదవిలో ఉండగా ఊదినప్పుడు ఆయన ఆరోగ్యవంతులే. కొత్త మంత్రిగారు శుక్రవారం వచ్చి ఊదుతారు. అప్పటిదాకా పాత అంకే."

ఈ మాట బావకి చెప్పాను.

"ఏమోయ్, కొత్తాయన సిగరెట్టు తాగుతాడా?"

"తెలీదు బావా."

"పత్రికల్లో రాయరా అలాంటివి?"

"రాయరు."

శుక్రవారం కార్మికుల తరఫున పూలగుత్తి తానే ఇస్తానని బావ పట్టుబట్టాడు. ఏనాడూ ఏ సభలోనూ ముందు వరసకి రాని మనిషి. అక్క ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. కొత్త మంత్రిగారు కారు దిగగానే ఎదురెళ్లి పూలగుత్తి చేతికిచ్చాడు. ఇచ్చి వెనక్కి రాలేదు. ఆయన మొహానికి మొహం ఆనేంత దగ్గరగా వంగి, ముక్కుతో ఒకసారి, మళ్లీ ఒకసారి గాలి లోపలికి పీల్చి, అలాగే నిలబడ్డాడు.

"చూశారా సార్, మావాళ్లకి మీరంటే ఎంత అభిమానమో!" అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారు బావ భుజం తట్టి యంత్రం గదిలోకి నడిచారు. తలుపు మూసుకుంది.

"ఏం బావా?" అన్నాను.

"సిగరెట్టే. గుప్పుమంటోంది," అన్నాడు.

అతను ఇస్త్రీ చొక్కా విప్పి, నలగకుండా మడిచి నా చేతిలో పెట్టాడు. కుళాయి కింద తువ్వాలు తడిపి, పిండి, ముక్కూ నోరూ మూసుకునేలా కట్టుకున్నాడు. చక్రం దగ్గరికి వెళ్లి స్విచ్చి వేశాడు.

లోపల మంత్రిగారు ఇంకా ఊదుతూనే ఉన్నారు.