గొంతు పోయిన మూడు రోజుల భాగ్యం

ఆపరేషన్ తరవాత గొంతు నొప్పి రాకూడదని కోరుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. ఊరికే దొరికే మౌనవ్రతాన్ని ఎవరైనా కాలదన్నుకుంటారా?

పోయిన నెల నా పిత్తాశయంలో రాళ్లు తీశారు. మత్తిచ్చాక ఊపిరి ఆడటానికి గొంతులోకి గొట్టం దించుతారట. తెలివొచ్చేసరికి రాళ్లతోపాటు గొంతూ పోయింది. మింగితే ముళ్లు, మాట్లాడబోతే రంపం.

ఆ మూడు రోజులూ మా ఇల్లు స్వర్గం! తెల్లవారుజామున నేను గొంతెత్తి చేసే ప్రార్థన ఆగిపోయింది. పై వాటా ఆయన పళ్లు పంపించి, "తొందరేం లేదు, నిదానంగా కోలుకోండి" అని కబురు పెట్టాడు. మనసులో అనుకున్నా దేవుడికి వినిపిస్తుందట. మరి ఇన్నేళ్లూ నేను అరిచింది ఎవరి కోసమో!

మా బావమరిదితో పదకొండేళ్లుగా నడుస్తున్న వాదనలో వాడు మొదటిసారి నెగ్గాడు. నెగ్గాక ఏం చెయ్యాలో తోచక లేచి ఇంటికెళ్లిపోయాడు.

ఆస్పత్రికి మాత్రం తక్కువ మేలా? ఇంటికి పంపేముందు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు "ఏమైనా ఇబ్బందా?" అన్నాడు. నోరు తెరిచాను. గాలి వచ్చింది. నర్సు కాగితం మీద "ఫిర్యాదులు లేవు" అని రాసుకుంది. గొంతు నొప్పని చెప్పాలన్నా గొంతుండాలి కదా?

ఇంత భాగ్యం చవిచూసినవాణ్ని, మా ఆవిడకూ అదే ఆస్పత్రిలో ఆపరేషన్ అనగానే బెంగపెట్టుకున్నాను. ఆవిడ చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. నలభై మంది పిడుగుల ముందు గొంతు లేకుండా నిలబడటమంటే మాటలా?

ఆవిడ నాలా కాదు. బళ్లో ఒక పిల్లవాడి తల్లి ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఆమెను అడిగి అన్నీ తెలుసుకుంది. ముందురోజు మత్తు డాక్టరు రాగానే మొదలుపెట్టింది.

"బాబూ, నాకు కాస్త సన్నగొట్టం వేస్తారా? దాని చుట్టూ ఉండే బుడగలో గాలి ఎక్కువైతే లోపల ఒత్తుకుంటుందటగా, కొలిచి నింపుతారా?"

"అలాగేనమ్మా. కొలిచే మీటరు ఉంది."

"మరి మా ఆయనకి కొలవలేదేం?"

"ఆయన అడగలేదమ్మా."

మర్నాడు సాయంత్రానికే ఆవిడ మంచం మీద నుంచి నన్ను చక్కగా కేకలేసింది. విని కళ్లు చెమర్చాయి.

డాక్టరు మాట నిజమే, నేను అడగలేదు. రాళ్లు తీయమన్నాను, అంతే.

కోసిన చోట కుట్లు వేయమని కూడా అడగలేదు. అవి మాత్రం ఎందుకు వేశారో!