నెయ్యి లేని రవ్వ

ఆ ఉదయం సవరయ్య మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. బడికి వెళ్లేలోగా రివాల్వరును ఒకసారి పేల్చి చూడాలి.

అది అసలుది కాదు. తుపాకిమందు కూరి పేల్చే పాతకాలపు రివాల్వరుకు నకలు. ఆయన భార్య మరియ టీచరు నాటకం కోసం సారపాక మిల్లు ఫిట్టరు జంపయ్య ఇత్తడితో చేసిచ్చాడు. దుమ్ముగూడెం బడి వార్షికోత్సవంలో తొమ్మిదేళ్లు ఆమె రాసిన నాటకమే ఆడారు. మూడో రంగంలో తెర వెనక నిలబడి ఆమే పేల్చేది. ముందు వరుసలో సవరయ్య ఏటా ఉలిక్కిపడేవాడు. ఆమె పోయి పది నెలలైంది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి జరగబోయే రెండువేల ఆరు వార్షికోత్సవంలో తుపాకీ పేలకపోతే నాటకం తీసేసి క్విజ్ పెడదామని హెడ్మాస్టరు శ్రీనివాస్ మెత్తగానే చెప్పాడు.

ఎలా నింపాలో మరియ నోటుబుక్కులో రాసిపెట్టింది. తుపాకిమందు ముట్టుకోరాదు. ఆరు గదుల్లో ఒక్కటే నింపాలి. వేయించిన బొంబాయి రవ్వ కొద్దిగా, వెనక బొమ్మతుపాకీ బిళ్ళ ఒకటి. గొట్టం మనిషి వైపు పెట్టరాదు. చప్పుడు బిళ్ళది, పొగ రవ్వది.

సవరయ్య వంటింటి గడప దాటి ఎరగడు. గడప దగ్గర నుంచి చూసినంతలో, రవ్వ వేయించడమంటే ముందు నెయ్యి వేయడం. ధారాళంగానే వేశాడు. కొలత తెలియక కిలో రవ్వా బాణలిలో పోశాడు.

వాసన గోడ దాటింది. పది నెలలుగా ఆయనకు కూర గిన్నె పంపుతున్న పక్కింటి ఉషారాణి ఆలోచనలో పడింది. ఒంటరి మనిషి తనకోసం కిలో రవ్వ నేతిలో వేయించుకోడు.

"సారూ, ఇయ్యాల ఏమన్న ఉన్నదా?" అంది గోడ మీంచి.

"అవ్. మూడింటికి," అన్నాడాయన. మాటలు పొదుపుగా వాడే మనిషి.

మూడింటికంటే పెండ్లిచూపులే. తొమ్మిది గంటలకల్లా చర్చి ఆవరణలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. శనివారం హాలు ఖాళీగా ఉందని పాస్టరుగారు కబురు చేశారు. అదే విన్న హెడ్మాస్టరు, మాస్టారు రానక్కరలేదనీ, క్విజ్ ఖాయం చేశాననీ అటెండరు దేవ్‌సింగ్‌తో చెప్పి పంపాడు. క్విజ్ ఎందుకో సవరయ్యకు అర్థం కాలేదు. నేతి రవ్వా బిళ్ళా కూరిన రివాల్వరు తీసుకుని పెరట్లోకి నడిచాడు.

గోడకు గురిపెట్టి మీట నొక్కాడు. ముసలివాడు దగ్గినట్టయింది. గొట్టం చివర నేతిముద్ద వేలాడింది. సరిగ్గా అప్పుడే సారపాక నుంచి ఆటోలో మరియ చెల్లెలు దీవెన దిగింది.

"ఏడాది గూడ నిండలే బావా. గింత తొందరేంది?"

జవాబు కోసం ఆగకుండా రుజువు కోసం వంటింట్లోకి వెళ్లి, బాణలిలో వేలుపెట్టి నోట్లో వేసుకుంది.

"చక్కెర గూడ ఎయ్యలే. గిది పెట్టి ఎవలను ఒప్పిద్దామనుకున్నవ్?"

సవరయ్య నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టాడు. దీవెన చదివింది. ఉన్నది ఐదు వాక్యాలే. చదవడానికి చాలాసేపు పట్టింది.

"అక్క నెయ్యి ఎయ్యమని యాడ రాసింది?"

"ఎయ్యొద్దని గూడ రాయలేదు."

"ఇంట్ల గిసొంటి మనిషి ఉన్నడని రాసేటప్పుడు యాదికి రాకపాయె," అంటూ కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

పిడికెడు రవ్వ వట్టిగా వేయించింది. రివాల్వరును కిరసనాయిలుతో తోమింది. ఇద్దరూ బడికి చేరేసరికి క్విజ్ ప్రశ్నలు హెడ్మాస్టరు చేతిలో ఉన్నాయి. రివాల్వరు చూసి ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రంగం. సవరయ్య మొదటిసారి తెర వెనక నిలబడ్డాడు. చెయ్యి ఎత్తగానే, ఏమీ చెప్పకుండానే, వేషాల్లో ఉన్న పిల్లలంతా రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. ఎవరు నేర్పారో అడగవలసిన పని లేదు. ఆయన కాసేపు వాళ్లనే చూస్తూ నిలబడి, మనుషులెవరూ లేని వైపు గొట్టం తిప్పి మీట నొక్కాడు. తుపాకీ పేలింది. రవ్వ తెల్లగా లేచింది. ముందు వరుసలో దీవెన ఉలిక్కిపడింది.

బాణలిలో మిగిలిన నేతి రవ్వలో చక్కెర పోసి ఉషారాణి సాయంత్రం వాడకట్టంతా పంచింది. పెండ్లి లేదని సవరయ్య ఇంటింటికీ వెళ్లి చెప్పినా, కేసరి మాత్రం ఎవరూ వాపసు ఇవ్వలేదు.