ఫైళ్లకు శ్రీకారం

రాయగడలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే ఉమాపతి కొరాపుట్‌లో రెండో షాపు తెరిచే రోజది. ప్లాను చాలా సులువు. పొద్దున్నే ఇడ్లీ తినాలి, కారెక్కాలి, ముహూర్తానికి అక్కడ కొబ్బరికాయ కొట్టి కంప్యూటరులో తొలి బిల్లు వెయ్యాలి. ఆ బిల్లు వెయ్యాల్సింది కూతురు బిందుశ్రీ. కొత్త షాపు తనకే అప్పగించమని ఆ పిల్ల ఏడాదిగా తండ్రి ప్రాణం తోడేస్తోంది. ముహూర్తం వేళకు మిషను నడిస్తే షాపు నీదేనని ఆయన చివరికి ఒప్పుకున్నాడు. నడవకపోతే షాపు బావమరిది తిరుమలరావుది. ఈ షరతు తిరుమలరావుకు బాగా తెలుసు. అందుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు రాయగడ షాపుకొచ్చి కూర్చున్నాడు.

మిషను సంగతి కాస్త చెప్పుకోవాలి. ఉమాపతి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతకాలపుది. కొత్త కంప్యూటర్ల మీద నడవనని మొండికేసింది. బిందుశ్రీ కొత్త కంప్యూటరు లోపలే ఇంకో పాత కంప్యూటరును తయారుచేసి, సాఫ్ట్‌వేర్‌ను అందులో కాపురం పెట్టించింది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. రాయగడలో అది లేస్తే ఇంటర్నెట్ మీద కొరాపుట్‌లో కూడా బిల్లులు వేసుకోవచ్చు. నాలుగేళ్ల కిందట దానికొక పెద్ద డిస్కు ఫైలు పుట్టింది. ఆ తర్వాత ఏ మార్పు చెయ్యబోయినా బిందుశ్రీ ముందు జాగ్రత్తగా స్నాప్‌షాట్ తీసేది. తీసిన ప్రతిసారీ పాత ఫైలు అక్కడితో ఆగిపోతుంది, కొత్త సంగతులన్నీ ఓ చిన్న ఫైలులో చేరతాయి. అలా ఒకదాని మీద ఒకటి పొరలు. ప్రతి పొరా తన కింది ఫైలును పేరుతో వెతుక్కుని పట్టుకుంటేనే మిషను లేస్తుంది.

ఆ పొద్దున్న అది లేవలేదు. కింది డిస్కు దొరకడం లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

బిందుశ్రీ గాభరాగా ఫైళ్లు తెరిచి చూసింది. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ప్రతి ఫైలు పేరుకూ ముందు శ్రీ అని ఉంది.

"నాన్నా, ఈ శ్రీలు ఎవులు పెట్టేరు?"

"నానే పెట్టేను," అన్నాడు ఉమాపతి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "నిన్న విశ్వకర్మ పూజ కాదేటి? కాటాకి బొట్టెట్టేను, ఆటోకి బొట్టెట్టేను. కంప్యూటర్‌కి పైన బొట్టెడితే లోపలున్నదానికి అందుతాదేటి? అందుకే లోపలికెల్లి ఒక్కోదానికీ శ్రీ సుట్టేను."

"పేర్లు మార్చడం నీకెవులు నేర్పేరు?"

"నువ్వే కదమ్మీ! ఫోటోలకి పేర్లెట్టుకో నాన్నా అని నువ్వే నేర్పేవు."

శ్రీ చుట్టనిదే ఆయన పచారీ చీటీ కూడా రాయడు. అలాంటి మనిషికి పేరు మార్చే కిటుకు నేర్పింది బిందుశ్రీ తనే. "ఆ శ్రీలు తీసెయ్యాలి నాన్నా. ఇదివరకటి పేర్లే ఉండాలి," అంది.

"శ్రీ సెరిపెత్తావా? అదీ షాపు తెరిసే రోజునా? నా కంఠంలో ప్రాణముండగా అవ్వదు!"

ఆయనతో వాదించడం కంటే కంప్యూటరుతో వాదించడం నయమని బిందుశ్రీకి తెలుసు. ఇంకో దారి ఉంది. పేర్లను అలాగే ఉంచి, ప్రతి పొర లోపలా దాని కింది ఫైలు పేరును శ్రీతో సహా తిరిగి రాయాలి. ఎక్కడ చెయ్యి జారినా నాలుగేళ్ల వ్యాపారం గంగలో కలుస్తుంది. అందుకని ముందు మొత్తం ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసింది. అది పూర్తయ్యేసరికి డ్రైవరు కారు ఇంజను ఆపేసి రెండో టీ తాగేశాడు. కొరాపుట్ ప్రయాణం ఇక కుదరదని తేలిపోయి, అక్కడి షాపులో బిల్లులు వేసే సుజాతకే దీపం వెలిగించమని ఫోన్ చేశారు. బిందుశ్రీ కాపీ డిస్కును సంచిలో పెట్టుకుని మొహం కడుక్కోవడానికి లోపలికెళ్లింది.

ఆ కాస్త సందు చాలు. తిరుమలరావు కుర్చీ లాక్కున్నాడు. పూర్వం విశాఖపట్నంలో ఏదో కంప్యూటర్ కోర్సు చేసిన ధైర్యం ఆయనది.

"ఇన్ని ఫైళ్లెందుకు బావా? సూడు, ఇదొక్కటే పెద్దది. గోడౌన్‌లో బస్తా ఏదో, సిల్లర పొట్లాలేవో మనకి తెలీదేటి? అసలు సరుకు ఇందులోనే ఉంటాది."

ఉమాపతికి ఈ లెక్క తెగ నచ్చింది. ముప్పై ఏళ్ల హోల్‌సేల్ అనుభవం కూడా అదే చెప్పింది. తిరుమలరావు చిన్న ఫైళ్లన్నీ పక్కనపెట్టి, పెద్ద ఫైలును ఒక్కదాన్నే మిషనుకు తగిలించి ఆన్ చేశాడు.

మిషను లేచింది! ఉమాపతి బావమరిదిని కావలించుకున్నాడు. సరిగ్గా ముహూర్తం వేళకు కొరాపుట్‌లో సుజాత తొలి బిల్లు వేసింది.

తువ్వాలుతో బయటికొచ్చిన బిందుశ్రీ తెర వైపు చూసి తువ్వాలు విసిరికొట్టింది. "మావయ్యా, ఏటి సేసేవు? ఇది నాలుగేళ్ల కిందటి మిషను! తర్వాత సేసిందేదీ ఇందులో లేదు. కింది డిస్కుని ఇలా ఒంటరిగా లేపితే పై పొరలు ఇంక దాన్ని ఒప్పుకోవు. గొలుసు తెగిపోనాది!"

"తేదీ ఇవాల్టిదే సూపిస్తంది కదమ్మీ," అన్నాడు తిరుమలరావు, తెర మూలకు వేలు పెట్టి.

అంతలో ఉమాపతి ఫోను మోగింది. బొయిపరిగుడలో కొట్టు నడిపే రామతులసి. ఆమె భర్త కన్నయ్య రాయగడ షాపుకు పాత ఖాతాదారు.

"ఉమాపతిగారూ, మా ఆయన పోయి రెండేళ్లయినాది కదండీ. ఇప్పుడాయన ఫోనుకి మీ సరుకు సిద్ధం, వచ్చి పట్టుకెళ్లండి అని మీ షాపు నుంచి మెసేజొచ్చింది. ఆయన మీకెప్పుడు కనిపించేరండీ?"

ఆ గొంతులో ఏడుపుంది, కొంచెం ఆశ కూడా ఉంది. ఉమాపతి ఆ మాట కూతురికి చెప్పాడు. మిషను నిద్రలేస్తూనే, అప్పట్లో పంపకుండా మిగిలిన మెసేజులన్నీ పంపేసిందని బిందుశ్రీ ఫోను లాక్కుని ఆవిడకు నచ్చజెప్పింది. పెట్టేయగానే సుజాత ఫోను.

"బోణీ బ్రహ్మాండమండీ! జనం ఎగబడిపోతన్నారు. కొన్నోలు కొన్నట్టే సుట్టాలకి ఫోన్లు సేసి పిలుస్తన్నారు. కందిపప్పు బస్తాలు అయిపోవచ్చేయి!"

"కందిపప్పా? ఎంతకిస్తన్నావమ్మీ?"

సుజాత చెప్పింది. ఆ రేటుకు కందిపప్పు దొరికి నాలుగేళ్లయింది. ఉమాపతి నిలబడ్డవాడు నిలబడ్డట్టే బెల్లం బస్తా మీద కూలబడ్డాడు.

"స్క్రీన్ మీద ఏటుంటే అదే రేటు, బేరం లేదు అని మీరే సెప్పేరు కదండీ," అంది సుజాత, భయంగా.

"షట్టరు దించెయ్!" అని అరిచి, అంతలోనే నాలిక్కరుచుకున్నాడు. "వద్దొద్దు! తొలిరోజు షట్టరు దించకూడదు. తెరిసే ఉంచు, ఏదీ అమ్మకు!"

తెరిచిన షాపులో ఏదీ అమ్మకుండా ఎలా ఉండాలో సుజాతకు తెలియలేదు, అమ్ముతూనే పోయింది. బిందుశ్రీ ఇంకెవరి మాటా వినకుండా మిషను ఆపేసి, మావయ్యను కుర్చీలోంచి లేపింది. సంచిలోని డిస్కు నుంచి చెడని ఫైళ్లు వెనక్కి తెచ్చింది. ఒక్కో పొరా తెరిచి, లోపల కింది ఫైలు పేరు సరిచేసి, అక్షరం అక్షరం పోల్చి చూసుకుంది. ఆన్ చేస్తే నిన్నటి ఆఖరి బిల్లు తెర మీద కనిపించింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొరాపుట్‌లో మాత్రం అసలు రేట్లు చూసి జనం వెళ్లిపోయారని సుజాత ఫోన్ చేసి చెప్పింది.

ఉమాపతి గుండె మీద చెయ్యి తీసి, నీళ్లు తాగి, తీర్పు చెప్పాడు. "ఏదేటైనా, కొరాపుట్‌లో ఇంత జనం ఏ షాపుకీ రాలేదు. ముహూర్తానికి మిషను లేపింది తిరుమల. మాటంటే మాటే. షాపు ఆడిదే."

"నాన్నా! బాగు సేసింది నాను కదా!"

"నువ్వు బాగు సేసేక జనం ఎల్లిపోనారు కదమ్మీ."

తిరుమలరావు కాలరు సర్దుకుని తాళాల కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాలిలో ఉండగానే సుజాత మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి వెనక పెద్ద గోల.

"ఎల్లినోలందరూ మళ్లీ వచ్చేరండీ. మాక్కూడా పాత రేటుకే ఇయ్యమంటన్నారు. కాలి ఆసిబు, రేపు కూడా వస్తాం అని ఒడియాలో అరుస్తన్నారు. రేపు ఇంకా మందిని తెస్తారట. ఆ రేటు పెట్టిన బాబెవరో సూపించమంటన్నారు. ఏటి సెప్పమంటారు?"

తిరుమలరావు చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగి మోకాలి మీద ఆగింది. "బావా, ఆ ఘాట్ రోడ్డు మీద రోజూ తిరగడానికి నా మోకాలు ఒప్పుకోదు. పిల్ల సదువుకున్నది, దానికే ఇచ్చియ్యి," అన్నాడు.

షాపు దక్కిన తీరు తలుచుకుంటే బిందుశ్రీకి ఒళ్లు మండింది. అయినా ఎవరూ మనసు మార్చుకోకముందే తాళాలు లాక్కుని కారెక్కింది. పాత రేటు అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ కొరాపుట్‌లో ఆమె గొంతు పోయింది. జనం అడగడం మానేసిన రోజునే రాయగడలో తిరుమలరావు మోకాలి నొప్పి కూడా పోయింది.